పదకొండో సీటు కాడ

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం దాకా
సీట్ల నడుమ సందు ఎంతుంటాదో
నా నడుముకి తెలుసు.
పదకొండో సీటు రాడ్ కాడ
రోజూ పక్కకి తిరిగి దూరేదాన్ని.
"బండి టైటయింది" అని ఒగడు నవ్వితే
వాని చిల్లర ఇయ్యకుండానే ముందుకు పోయినా ఒగసారి.

సాయినగర్లో డాక్టర్ ముంతాజ్
ఏదీ దాచలేదు.
చక్కెర దిగుతాది, మోకాళ్లకి తెరిపి,
గుండెకీ మంచిదే అనింది.
వాంతులైతాయి, పిత్తంలో రాళ్లు పడొచ్చు,
కొవ్వుతో పాటు కండా కరుగుతాది,
మానేస్తే మళ్లీ వచ్చేది వస్తాది అనింది.
"ఎన్నాళ్లు మేడమ్?"
పెన్ను మూత పెట్టి, తీసి,
"ఇది ఆకలి తగ్గించే మందమ్మా, చూద్దాం" అనింది.

ఆకలి తగ్గించే మందు!
మా అవ్వ వినింటే?
గంజి కేంద్రం ముందర ముంత పట్టుకొని నిలబడిన మనిషి,
బతికుంటే బలుసాకు తినొచ్చని
నిజంగానే తిన్న మనిషి.
మనవరాలు ఆకలిని చంపను
సగం జీతం పెడతాందంటే
ముంత నా నెత్తిన బోర్లించి ఉండు.

నాకి ఫ్రిజ్ లేదు.
పక్కింటి పర్వీన్ ఫ్రిజ్‌లో, అల్లం ముద్ద డబ్బా వెనక
దాచుకున్న సూది.
ఆదివారం ఆదివారం పొట్ట మీద చీమ కుట్టినంత.

మొదటి నెల ఆత్మకూరు దాటినాక
ఓబులపతి నా మొగం అద్దంలో చూసి
అడక్కుండానే బండి ఆపినాడు.
చెనక్కాయ చేను గట్టున కక్కుకుంటే
నలభై మంది కిటికీల్లోంచి చూసినారు.

నాలుగో నెలకి ఎనిమిది కిలోలు.
రాడ్ కాడ నేరుగా నడిచినా.
ఫుట్‌బోర్డు దిగితే మోకాలు మాట్లాడలే.
ఆ పొద్దు ఎవరూ చూడకుండా
రెండుసార్లు ఎక్కి దిగినా.

అయితే ఉగ్గాని ముందర పెట్టుకొని
చూస్తా కూచున్నా.
వద్దనిపించి కాదు.
ఏమీ అనిపించక.
పండగనాడు ఓళిగ మీద నెయ్యి పేరుకునింది,
ఎవరో చుట్టాల ఇంట్లో ఉన్నట్ల ఉండె.

మూట చూస్తానే ఎన్ని కిలోలో చెప్తా,
లగేజీ టికెట్ కొడతా,
ఇరవై రెండేండ్లలో ఒగడూ తప్పని చెప్పలే.
దీన్ని మాత్రం తూచలేకుండా ఉండా.

ఆదివారం పోయి మూడు దినాలు.
సూది ఇంకా అల్లం డబ్బా వెనకే ఉంది.
ఈపొద్దు కళ్యాణదుర్గం బస్టాండులో
రెండు గంటలకి కడుపు గుర్రుమనింది.
బయపడినా.
పాత బాకీవాడు తలుపు కొట్టినట్ల ఉండె.
తలుపు తీయాలనీ ఉండె.

"ఆకలైతాంది ఓబులపతీ."
ఆయప్ప నవ్వలే.
బజ్జి సగం తుంచి ఇచ్చినాడు.

చేతిలోనే ఉంది.
వేడి ఇంకా తగ్గలే.
బండి ఇంకా కదల్లే.