సున్నాకీ గీతకీ మధ్య

పుంగనూరు పశువుల ఆసుపత్రి వెనక
నాలుగు కాళ్ల మీద నిలబడ్డ తెల్ల చెక్కపెట్టె.
పలకల సందుల్లో గాలి దూరుతుంది, ఎండ దూరదు.
కొత్తలో దాన్ని పావురాల గూడనుకున్నా.
పక్కనే సగం నేలలో పాతిన రాగి వానకొలత,
దాని కంచెకి ఎవరో ఒకరు పొట్టి ఆవుని కట్టేసి పోయేవాళ్లు.

చెంగల్రాయులు సారు నేర్పిన మొదటి పాఠం:
"దిల్షాదమ్మా, పైనుంచి చూస్తే ఎక్కువ,
కిందినుంచి చూస్తే తక్కువ.
కన్ను పాదరసానికి సరిగ్గా తేవాల.
వంగాల్సింది మనమే, అది వంగదు."

పొద్దున ఐదున్నర.
మేం వీధి కుళాయి కింద బిందె పెట్టే ఆ వేళ
లండన్లో అర్ధరాత్రి.
మంచులో ఒకడు టార్చి పట్టుకుని,
ఓడ మీద ఒకడు కాఫీ పక్కన పెట్టి,
పుంగనూర్లో నేను కొంగు తలకి చుట్టుకుని
ఒకే నిమిషంలో తలెత్తుతాం.

"ముందు ఇట్లా లేదంట," అనేవాడు సారు.
ఊరికో గంట, దేశానికో కొలబద్ద.
ఒకడు ఉన్ని అన్న మబ్బుని ఇంకొకడు దూది అనేవాడు.
మునిగిపోయిన ఓడలే వాళ్లని ఒక బల్ల దగ్గర కూచోబెట్టినాయి.
మొదట నావికులు, తర్వాత పంతుళ్లు.
ఒకే తీరు పట్టీ, ఒకే గంట,
మబ్బులకి అందరూ ఒప్పుకున్న పేర్లు.
సరిహద్దు రాళ్ల దగ్గర మాత్రం ఒప్పందం కుదర్లా.

పెద్ద యుద్ధంలో ఆ బల్ల విరిగింది.
సారుకి ముందున్న పిళ్లై కాలంలో
మద్రాసు నుంచి సీలేసిన కవరు వచ్చిందంట:
ఈ పొద్దు నుంచి వాన రహస్యం.
మోడం పట్టిందంటే నేరమేమోనని
పిళ్లై గొడుగు తెరవడానికి కూడా జంకినాడంట.
అబద్ధమేమో. సారు నవ్వకుండా చెప్పేవాడు.

మేం లోకానికి పంపింది చాలావరకు సున్నాలే.
ఐదేసి అంకెల గుంపులు. తంతాఫీసులో మస్తాన్ కొట్టేవాడు,
మబ్బు తెలీదు వాడికి, అంకె తెలుసు:
"ఏమక్కా, ఈ పొద్దూ ఖాళీయేనా?"
చెనిక్కాయ ఊడలు మట్టిలోకి దిగకుండానే మాడిపోతే సున్న.
ఉత్తర చూసి గంప ఎత్తినోళ్లు
బెంగుళూరు బస్సెక్కిన పొద్దు కూడా
వాళ్లకి చెయ్యూపి వచ్చి నేను రాసింది సున్న.

మన సున్నాలు ఎవరికి సారూ అన్నా.
ఆయన పెన్ను మూత పెట్టుకున్నాడు, అంతే.

ఆ కార్తీకంలో
అండమాను పక్క ఏదో దీవిలో,
బర్మా ఒడ్డున ఏదో గుడిసెలో,
ఏ జెండా కట్టిందో తెలీని ఓడలో
ఎవరో నిద్ర చెడగొట్టుకుని రాసిన అంకెలు
మద్రాసులో గీతలై, గుండ్రంగా చుట్టుకుని
మా రేడియోలోకి వచ్చినాయి,
వాన కంటే ఒకటిన్నర రోజు ముందు.
కల్లాల్లో కాయ కుప్పల మీద పట్టలు కప్పినాం.
ఆ రాత్రి కొలతగ్లాసు మూడుసార్లు వంపినా.
తడి చేతుల్లో గాజు జారతా ఉంటే
ఆ ఓడలోని మనిషికి సలాం చెప్పినా.
పేరు తెలీక గాలికే చెప్పినా.

ఇప్పుడు అక్కడొక ఇనప స్తంభం, దాని నెత్తిన సోలారు పలక.
అదే చూస్తుంది, అదే పంపుతుంది.
ఆవుని మాత్రం దానికీ కడతన్నారు.

పాత రిజిస్టర్లు చెదలకి పోకముందే తిప్పుతుంటే
నడి ఎండాకాలంలో
వరసగా సున్న, సున్న, సున్న,
ఒక గీత.

ఆ తేదీ నాకు తెలుసు.
సారు భార్య సుగుణమ్మ పోయిన పొద్దు.
చినుకు రాలేదని ఊరంతటికీ తెలుసు.
సున్న చుట్టుంటే ఎవరడుగుతారు?
పక్కన చిన్న అక్షరాల్లో ఆయనే రాసినాడు:
చూడలేదు.

ఆ గీతని కూడా మస్తాన్ కొట్టే ఉంటాడు.
అది మద్రాసు దాటి, సముద్రం దాటి
ఎవరి బల్ల మీదో పటంలో
మా ఊరుండాల్సిన చోట ఖాళీగా నిలబడి ఉంటుంది.
ఎవరో అక్కడ
పెన్సిలు ఎత్తి,
ఒక్క ఘడియ ఆగి ఉంటారు.