క్రియ చివర వస్తుంది

హాలిఫాక్స్‌లో ఫిబ్రవరి. ఐదింటికే చీకటి.
కేర్ హోమ్ నుంచి వచ్చి
తడి బూట్లు రేడియేటర్ కిందకి తోసి
టీచరమ్మనవుతాను.

నా చేతిలో పద్నాలుగు కార్డులు.
ఒక్క ముక్క అర్థంకాని భాషలో ప్రశ్నలు,
విదుల పలుకుతుంటే విని, కొట్టేసి, మళ్ళీ విని
తెలుగు లిపిలో రాసుకున్నవి.
వో వోన్‌స్ట్ డూ. హాస్ట్ డూ గెష్విస్టర్.
మన గుణింతానికి లొంగని శబ్దం ఒకటే తగిలింది:
ఊ అన్నట్టు మూతి పెట్టి ఈ అనాలిట.
దానికి ఏ కొమ్మూ, ఏ గుడీ సరిపోక
పైన రెండు చుక్కలు పెట్టి వదిలేశాను.

వాళ్ళ క్లాసులో ఇప్పుడు ఐదుగురే.
వీళ్ళు దాటాక జర్మన్ ఎత్తేస్తారట,
మిసెస్ ఆక్రాయిడ్ జాగ్రఫీ చెప్పుకోవాలిట.
"మరి నువ్వెందుకే దీన్ని పట్టుకున్నావు?"
"ఫ్రెంచ్ గదిలో రీస్ ఉంటాడు" అంది.
ఇంక అడగలేదు.

అది జవాబు చెబుతుంది, నేను టిక్కు పెడతాను.
తప్పో ఒప్పో నాకేం తెలుసు,
గొంతు తడబడకపోతే ఒప్పు.
'మైనె ముట్టర్' అంటే నేనేనని మాత్రం తెలుసు.
'మైనె ముట్టర్ ఇస్ట్' అని ఆగి
పైకప్పు వైపు చూస్తుంది.
ఇష్టం అంటుందేమో,
మిగతా సగం కోసం కూర్చుంటాను.
వచ్చేది 'ష్ట్రెంగ్'.
స్ట్రిక్టు అనిట.

పోయిన వేసవి స్పెయిన్ వెళ్ళామట, సముద్రంలో ఈదామట.
మేం వెళ్ళింది స్కార్‌బరో. ఒకటే వాన.
కారు అద్దాలకి ఆవిరి పట్టి
పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని తిన్నాం.
"అబద్ధం కదే!"
"నిజం అక్కర్లేదమ్మా, క్రియ సరిగ్గా ఉంటే చాలు.
పులిహోరకి జర్మన్‌లో మాట లేదు."

తర్వాతి కార్డు తోబుట్టువులది.
తమ్ముడున్నాడట. యోనాస్. వయసు పదకొండు.
అల్లరి తమ్ముడైతే విశేషణాలు ఎక్కువ పడతాయట.
పదకొండేనా, అన్నాను.
ఊరికే, నోటికొచ్చింది, అంది.
కార్డుల అంచులు సమంగా సర్ది
ఇంకాసేపు సర్ది
తర్వాతిది తీశాను.

వాళ్ళందర్నీ ఏడిపించే మాట ఒకటుంది, 'వైల్'.
ఎందుకంటే, అని.
అది వచ్చిందంటే క్రియ లేచి
వాక్యం చివరిదాకా నడిచి వెళ్ళి నిలబడాలి.
ఏం జరిగిందో తెలీకుండా అంతసేపు ఎలా ఆగడం అని
మిగతా నలుగురూ నెత్తి కొట్టుకుంటారట.
"మనం ఆగమా?" అన్నాను కూర కలుపుతూ.
"మీ పెద్దత్త మొన్న ఫోన్లో
గాలివానకి డాబా మీది టాంకు ఊగి, జారి,
కింద పక్కింటాయన స్కూటర్ మీద పడ... అని
దగ్గి, మంచినీళ్ళు తాగొచ్చి
లేదు అనేదాకా
ఊపిరి బిగబట్టుకుని కూర్చోలేదూ?"

స్పూన్ నోట్లోనే ఉంచుకుని నన్ను చూసింది,
రోజూ దువ్వుకునే దువ్వెన వెనక
ఎవరిదో పేరు చెక్కి ఉందని
ఇవాళే కనిపెట్టినట్టు.

అప్పటిదాకా దాని తెలుగు
'నేను వెళ్తున్నా ఎందుకంటే బస్సు వచ్చింది'.
ఆ వారం నుంచి 'బస్సొచ్చింది కాబట్టి వెళ్తున్నా'.
సగంసార్లే. మిగతా సగం మామూలే.

ఏప్రిల్లో పరీక్ష.
రాత్రి డ్యూటీ చేసొచ్చిన పొద్దున్న నిద్ర పట్టలేదు నాకు.
సాయంత్రం బ్యాగు మెట్ల మీద పడేసి చెప్పింది:
స్పెయిన్ బాగానే పోయింది.
తమ్ముడి ప్రశ్న రానే లేదు.
చివర్లో మేడమ్ ఏ కార్డులోనూ లేనిది అడిగింది,
ఇంట్లో నీకు సాయం ఎవరని.

"ఏమన్నావు?"

"జర్మన్ రాదు, ఆ ఊ పెట్టి ఈ అనడం అసలే రాదు,
రాత్రంతా పనిచేసి వచ్చి, కళ్ళు మూతలు పడుతున్నా
పద్నాలుగు కార్డులూ రోజూ మా అమ్మే..."

గ్లాసు తీసుకుంది.
కుళాయి తిప్పింది, నీళ్ళు చల్లబడేదాకా వదిలింది.
తాగింది.

నేను ఆగాను.