పడవ రాని రోజు

హీయుమా దీవిలో, మూతపడ్డ చేపల స్కూల్లో
ఏడుగురం, పదకొండు ల్యాప్‌టాప్‌లు,
వెచ్చగా ఉండేది ఒక్కటే గది.
గోడ మీద కాగితం, దాని మీద నలభై మూడు పేర్లు.
ఏది బేస్‌లో ఉండాలి, ఏది ప్యాకేజీగా బయటికి పోవాలి
మూడు రోజుల్లో తేల్చాలి.
మినిట్స్ రాసే పని నాది.
నా దస్తూరీ బాగుంటుందని కాదు,
నేను తక్కువ మాట్లాడతానని.

మొదటి గంట మర్యాదగానే గడిచింది.
ఫైళ్లని చూపించేది, కాపీ చేసేది, చెరిపేది,
వీటి మీద ఎవరు కొట్టుకుంటారు?
కంపైలర్ దగ్గర మాట పెరిగింది.
"తనని తాను కట్టుకోలేని ఇల్లు ఇల్లేనా?" అంది లేలో.
"అలాగని నట్టింట్లో ఇటుక బట్టీ పెట్టుకుంటామా?" అన్నాడు కౌపో.
సూప్ మీద తెట్టు కట్టింది.
నాలుగుకి మూడు. కంపైలర్ ఉండిపోయింది.

కౌపోది కత్తెర చెయ్యి.
ప్రతి ప్రోగ్రామూ ఒక తలుపంటాడు,
ప్రతి తలుపుకీ ఎవడో ఒకడు అర్ధరాత్రి లేచి
గొళ్లెం చూసి రావాలంటాడు.
అబద్ధం కాదు. మొన్న మార్చిలో
ఎవరూ వాడని ప్రింటింగ్ సాధనంలో కన్నం పడితే
రెండు రాత్రులు మేలుకున్నది అతనే.

తావెట్ ఏదీ పారేయనివ్వడు.
అక్షరాల్ని మోర్స్ చుక్కలుగా మార్చే
ఒక బొమ్మ ప్రోగ్రాము కోసం ముప్పావు గంట వాదించి
ఓడిపోయాడు.
లేచి వెళ్లి కట్టెలు కొట్టుకొచ్చాడు,
పొయ్యికి కావాల్సినదానికంటే చాలా ఎక్కువ.

మాకు వండిపెట్టే విర్వె
రై రొట్టెలు బల్ల మీద పెడుతూ అడిగింది,
దేని గురించి ఈ అరుపులని.
చెప్పాను: కొన్ని సామాన్లు ఇంటితో పాటే వస్తాయి,
కొన్ని కావాలన్నప్పుడు తెప్పించుకోవచ్చు.
"పడవ రాని రోజున?" అంది.
గిన్నెలు తీసుకుని వెళ్లిపోయింది.
ఆ మాట నేను రాయలేదు.
ఎవరి ఓటని రాయను?

ముప్పై ఎనిమిదో పేరు లైన్ ఎడిటర్.
తెరలు లేని కాలంలో,
కాగితం చుట్ట మీద టకటకమనే టెర్మినళ్ల కోసం పుట్టింది.
ఒక్కో వరుసే చూపిస్తుంది, అదీ అడిగితేనే.
తప్పు చేస్తే తిట్టదు, వివరించదు,
ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంటుంది.
"అచ్చం మా పెదనాన్న" అంది లేలో. అందరం నవ్వాం.
ఐదుగురు పొమ్మన్నారు.
చెయ్యెత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ రాత్రి గాలి లేచింది.
జలసంధి కింద కేబులో, గుట్ట మీద టవరో,
ఏదో పోయింది. నెట్ లేదు.
పొద్దున్నే నా యంత్రంలో సిస్టమ్ కొత్తగా ఎక్కించాను.
తెర నిండా కనిపించే నా ఎడిటర్‌ని
మొదటి రోజే బయటికి పంపేశాం,
కౌపో అప్పుడే తీసేశాడు కూడా.
సాయంత్రం దించుకోవచ్చులే అనుకున్నాను.

కాగితం మీది గీతలన్నీ తెల్లారేసరికి ఫైల్లోకి ఎక్కాలి.
ఎవరినైనా నిద్ర లేపొచ్చు.
సిగ్గేసింది.
మిగిలింది ఆ పెదనాన్నే.

వరుస వెంట వరుస ఎక్కించాను.
"ముప్పై ఎనిమిది: లైన్ ఎడిటర్. తొలగించాలి. ఐదుకి రెండు"
అని దానిచేతే రాయించాను.
చలికి వేలు జారి ఏదో నొక్కాను.

?

అంది.
ఇంకేమీ అనలేదు.
చాలాసేపు ఆ గుర్తునే చూస్తూ కూర్చున్నాను.

ఆ వరుస చెరిపాను. మళ్లీ అదే రాశాను.
ఓటు ఓటే.
దాని కింద ఎవరూ అడక్కుండా ఇంకో వరుస కలిపాను:
"పడవ రాని రోజున? అని విర్వె అడిగింది.
జవాబు ఎవరూ చెప్పలేదు."

వరుసలో ఒంటరిగా ఒక చుక్క పెడితే
చెప్పడం అయిపోయిందని దానికి అర్థం.
పెట్టాను. దాచమన్నాను.
మూడువేల నూటారు బైట్లని చెప్పింది,
బాగుందనలేదు, బాలేదనలేదు.

గాలి ఇంకా తగ్గలేదు.
పొయ్యి పక్కన చెయ్యి చాపితే
తావెట్ కొట్టిన కట్టెలు ఇంకా తగిలాయి.