ధడా

ఇరవై రెండేళ్లు ఆమె మాటలు
నా వేళ్ల మీదుగా వెళ్లాయి.
ఫార్గో ఫెడరల్ కోర్టులో స్టెనోగ్రాఫర్ని.
జడ్జి థోరా లిండ్‌వాల్ దగ్గినా రాయను,
ఆగినా రాయను.
మా యంత్రంలో మౌనానికి మీట లేదు.

ఆమె తండ్రి ధాన్యపు గోదాం దగ్గర కాటా మనిషి.
ప్రతి లారీనీ నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచేవాడు.
"ధడా తియ్యకుండా ధర చెప్పకు."
ఆమె నేర్చిన మొదటి చట్టం అది.
మిగతావి అప్పు చేసి చదివింది.

బిస్మార్క్‌లో ఓ ముసలి జడ్జి దగ్గర రెండు చలికాలాలు:
ఆయన తీర్పులకు కామాలు పెట్టేది,
ఆయన కుక్కను తిప్పుకొచ్చేది.
తర్వాత ఆరేళ్లు డబ్బుల్లేని ముద్దాయిల పక్షాన,
ఆపైన తొమ్మిదేళ్లు ఎదుటి బల్ల దగ్గర, ప్రభుత్వం పక్షాన.
రెండు బల్లల నడుమ పదకొండు అడుగులు.
"దాటడం తేలికే" అనేది,
"ఏ బల్ల దగ్గర ఏం మర్చిపోయి వచ్చానో, అదే తెలీదు."

సెనేటర్ ఫోను చేసినప్పుడు
గరాజ్ ముందు పారతో మంచు ఎత్తిపోస్తోంది.
ఆ తర్వాత పధ్నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు.
ప్రశ్నలు మాత్రం వచ్చేవి, కట్టలు కట్టలుగా:
ఎక్కడెక్కడ అద్దెకున్నారు,
ఏ విందులో ఏం మాట్లాడారు.
చివరికి ఓట్లు పడ్డాయి. యాభై రెండు, నలభై ఒకటి.
నియామక పత్రంలో "జీవితాంతం" అని ఉంది.
ఆ మాట అంతవరకు
ఇతరులకు పడగానే విన్నదామె.

డెల్మర్ పోయిత్రా. ఇరవై మూడేళ్లు.
సంచిలో ఎన్ని గ్రాములో ల్యాబ్ చెప్పింది.
అన్ని గ్రాములకు పదేళ్లు తగ్గకూడదని చట్టం చెప్పింది.
జడ్జికి మిగిలింది సంఖ్య చదవడం.
కవరుకు ధడా తీశారు సరే,
ఇరవై మూడేళ్లవాడికి ఎవరు తీయాలి?
వాళ్లమ్మ మూడో వరసలో
కోటు విప్పకుండా కూర్చుంది.
ల్యాబ్ చీటీని జడ్జి వెనక్కి తిప్పి చూసింది.
అక్కడేమీ లేదు.
"నూట ఇరవై నెలలు" నా వేళ్లను చేరేలోపు
పద్దెనిమిది సెకన్లు.
రికార్డులో మాత్రం
ఆ వాక్యం ముందు వాక్యాన్ని ఆనుకునే ఉంటుంది.

నిరుడు సీనియర్ జడ్జి అయింది.
సగం కేసులు, పై అంతస్తులో ఇరుకు గది,
కిటికీలోంచి బీట్ దుంపల లారీలు.
గౌను మాత్రం మొదటి రోజుదే,
మోచేతి చిరుగు తనే కుట్టుకుంది,
నల్ల దారం దొరక్క నీలంతో.

మొన్న ఒక ఉత్తరం నా ముందు పెట్టింది.
పోయిత్రా. బయటికొచ్చాడు, ఇళ్ల పైకప్పులు వేస్తున్నాడు.
కింద ఒక ముక్క:
"ఆ రోజు చెప్పే ముందు మీరు ఆగారు.
పంతొమ్మిది వరకు లెక్కపెట్టాను."

"రికార్డులో ఉందా?" అని అడిగింది.
లేదన్నాను.
నా లెక్క పద్దెనిమిది.
దిద్దలేదు.