తోక తెగిన మాటలు

ప్రెస్టన్‌లో, వృద్ధుల హోములో,
రాత్రి డ్యూటీ రిజిస్టరులో
"వాటర్స్ తాగించాను" అని రాశాను.
పొద్దున డెనీస్ ఎర్రపెన్ను తీసి
చివరి ఎస్సు ఒక్కటీ కొట్టేసింది,
చేపకి తోక కోసినట్టు.

నా తప్పేముంది?
మా నీళ్ళు పుట్టుకతోనే బహువచనం.
పాలకైతే ఏకవచనమే లేదు.
ఏడుపొస్తే కన్నీళ్ళే వస్తాయి, గుంపుగా.

ఆ వారమే ఫర్నిచర్స్ తుడిచాను,
అడ్వైసులు అడిగాను.
రెండింటికీ తోకలు పోయాయి.
మంద మొత్తం కలిపినా షీప్‌కి ఎస్సు లేదట,
ఒంటి కత్తెరకి మాత్రం ఉందట!
సరే, వాళ్ళ భాష, వాళ్ళిష్టం.

పన్నెండో గదిలో మిసెస్ ఎంట్విసిల్,
తొంభై ఒకటి దాటాయి.
రోజూ పడుకోబోయే ముందు తల దువ్వుతాను.
"హెయిర్స్ దువ్వాను" అన్నదానికీ ఎర్రగీతే.
"తలమీద ఉన్నంతసేపూ హెయిర్ ఒకటే,
లెక్కపెట్టం" అంది డెనీస్.
"మరి దువ్వెనలో చిక్కుకున్నవి?"
కాసేపు పెన్ను ఆగింది.
"అవా... అవి హెయిర్స్."

ఊడితే గాని లెక్కకు రావన్నమాట.
ఆలోచిస్తే మాకూ అంతేగా:
ఉన్నది జుట్టు, రాలినవి వెంట్రుకలు.
ఇన్నేళ్ళు జడేసుకున్నాను గాని
ఈ సంగతి తోచనేలేదు.

ఆ రాత్రి అద్దంలోంచి ఆమె అడిగింది,
"ఇవాళ ఎన్ని?"
"చూళ్ళేదండీ" అన్నాను.

రిజిస్టరులో రాశాను:
వాటర్ తాగింది. హెయిర్ దువ్వాను.
డెనీస్ పెన్ను మూత తియ్యలేదు.

దువ్వెనలో ఏడున్నాయి.
అవి రాయలేదు.