రెండు వైపుల నీటిగీత

చినవాల్తేరులో రెండో అంతస్తు గది.
ఫ్యాను తిరిగినప్పుడల్లా కాగితం లేవబోతుంది,
ఇందుమతి గారు దాని మీద తాళాలగుత్తి పెడతారు.

ఆరు నెలలకోసారి ఒకటే ఫారం, రెండు కాపీలు.
సున్నా నుంచి నాలుగు దాకా, ఎంత బాధైతే అంత అంకె.
పరీక్షలో పక్కవాళ్ళ పేపరు చూడకూడనట్టు
ఇద్దరం చెరోవైపు తిరిగి రాసుకున్నాం.

కోపం దగ్గర నేను నాలుగు వేశాను. ఆవిడ ఒకటి.
"గిన్నెలు విసరడం మానేశావు కదా, నూకరత్నం?"
మానేశాను మేడం.
విసరని ప్రతి గిన్నే ఇంకా నా చేతిలోనే ఉంది.

అర్ధరాత్రి ఫోన్లకి ఆవిడ సున్నా.
నిజమే, చెయ్యడం లేదు.
ఫోను బియ్యం డబ్బాలో పడేసి మూత మీద కూర్చుంటున్నాను
హార్బర్లో బోట్ల మోత మొదలయ్యేదాకా.
ఆ సంగతి అడిగే గడి ఫారంలో లేదు.

పోనీ నేనే ఎక్కువ వేసుకుంటున్నానా అంటే
వెలితి దగ్గర నాది ఒకటి, ఆవిడది మూడు.
ఎందుకని అడిగాను.
"నీ గురించి చెప్పమంటే ముప్పావుగంటా
ఓడల గురించే చెప్తావు."
రోషం వచ్చింది.
దాన్ని కూడా ఎక్కడో రాసుకునే ఉంటారు.

సరే, ఓడల గురించే చెప్తాను.
బొగ్గు ఓడ వస్తే మేం డ్రాఫ్టు చదవాలి,
పొట్ట మీది తెల్ల అంకెల్లో నీళ్ళు ఎందాకా వచ్చాయో.
జెట్టీ వైపు సులువు, వంగి చూస్తే చాలు.
సముద్రం వైపుకి చిన్న పడవలో చుట్టు తిరిగి వెళ్ళాలి,
అల అంకెని మింగుతుంది, కక్కుతుంది,
ఊపిరి బిగబట్టి రెండు అలల మధ్య పట్టుకోవాలి.
ఒక్కోసారి రెండు లెక్కలూ కలవ్వు.
ఎవరూ అబద్ధమాడినట్టు కాదు,
ఓడ ఓ పక్కకి ఒరిగిందని.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.
"ఇందులో నేను జెట్టీ మీదున్నానా?" అన్నారు తర్వాత.
ఏటో మేడం, అన్నాను.
మీ వైపు నీళ్ళు నిలకడగా ఉన్నాయి, నాకు తెలిసిందంతే.
రెండు కాగితాలూ ఒకే పిన్నుతో గుచ్చి ఫైల్లో పెట్టారు.
ఏదీ దిద్దలేదు.

బస్సులో, జగదాంబ దాటాక,
కండక్టరు ఐదు రూపాయల చిల్లర మర్చిపోయాడు, లేదా ఎగ్గొట్టాడు.
చెవులు కాలాయి. నోరు తెరిచాను.
మూశాను.
మళ్ళీ తెరిచి "బాబూ, ఐదు" అన్నాను,
నా గొంతే, కాస్త వణికింది.
ఇచ్చాడు.

దీనికి నేనైతే మూడు వేస్తాను.
ఆవిడ సున్నా వేసి నవ్వుతారు.
పాత పోస్టాఫీసు దగ్గర దిగాక చూసుకుంటే
ఐదు రూపాయల బిళ్ళ ఇంకా గుప్పిట్లోనే ఉంది,
అరచేతిలో గుండ్రంగా అచ్చు పడి.