ఊలుకు బదులు

ఫిలోమినా టీచర్ ఇచ్చిన పుస్తకంలో
పదహారో పేజీ మీద టీ మరక.
మరక కింద ఏదో చలిదేశపు ఊలు పేరు,
పక్కనే చిన్న అక్షరాల్లో
"లేదా దానికి సమానమైనది."

ఆ సమానమైనదాని కోసం
పూర్ణా మార్కెట్ మూడుసార్లు తిరిగాను.
చీపుర్ల వరస దాటి, బెల్లం ఈగలు దాటి
సింహాద్రప్పడి కొట్టు.
"ఏసంకాలంలో ఊలేటమ్మా? ఎవులికి?
ఆలు నేదు సూలు నేదు అన్నట్టు
అప్పుడే అల్లీసుకుంతన్నారా?"
నవ్వుతూ నిచ్చెనెక్కి
మూడు ఉండలు కిందికి విసిరాడు.

చూలు లేని మాట నిజమే.
పేరు మాత్రం ఉంది.
అక్కడి ఆయాలు పెట్టిన పేరు,
కాగితాల మీద నీలం సిరాతో.

కొట్టు ముందే అగ్గిపుల్ల గీశాను.
మొదటి పోగు కరిగి నల్లపూసయింది.
రెండోది వెంట్రుక కాలిన కంపు.
ఊలే, కాని అక్కడక్కడా చిమ్మటలు కొరికింది.
మూడోది కాగితంలా మండి
ఊదితే ఎగిరిపోయింది.
ఆ తెల్ల నూలే కొన్నాను.

ఊలుకీ నూలుకీ ఒక్క అక్షరమే తేడా అనుకున్నాను.

పెన్సిలుకి చుట్టి చూస్తే
అంగుళానికి పదహారు చుట్లు.
పదకొండు ఉండాలి.
రెండు పోగులు కలిపాను, పదకొండు.
అరచేతంత ముక్క అల్లాను,
నాలుగంగుళాలకి ఇరవై రెండు కన్నులు,
పుస్తకం అడిగినన్నే.
ఆ రాత్రి నిద్ర పట్టింది.

"తడిపి ఆరేసేదాకా ఏ దారాన్నీ నమ్మకు"
అనేవారు టీచర్, జ్ఞానాపురం వరండాలో
కళ్లజోడు నుదుటి మీదకి తోసి.
తడిపి బాల్కనీలో వేలాడదీశాను.
తెల్లారేసరికి సముద్రపు తేమంతా తాగి
బొటనవేలంత కిందికి జారింది.
ఊలయితే సాగినా వెనక్కొస్తుంది.
నూలు సాగిన చోటే ఉండిపోతుంది,
అలిగిన చుట్టంలా, ఎంత పిలిచినా.

మళ్లీ విప్పాను.
సూది ఒక నంబరు తగ్గించాను.
ఎనిమిది వరసలు తీసేశాను.
మణికట్టు దగ్గర ఊలుకుండే పట్టు
దీనికి లేదు, రాదు కూడా.
ఆయన పాత చొక్కా గుండీ ఒకటి కుట్టాను.
ఆయన చూసి ఏమీ అనలేదు.
గుండీ పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

ఎనిమిది నెలలని కాగితం అంటోంది.
ఎనిమిది నెలల చెయ్యి ఎంతుంటుందో
కింది వాటా కుబ్రా వాళ్ల పిల్లాణ్ని
టేపుతో కొలిచి వచ్చాను.
వాడు టేపు నమిలాడు.

టీ మరక పక్కన పెన్సిలుతో రాశాను:
పూర్ణా మార్కెట్ తెల్ల నూలు, రెండు పోగులు,
వరసలు ఎనిమిది తక్కువ, గుండీ ఒకటి.
"సమానమైనది" అన్నచోట
కొట్టేద్దామని పెన్సిలు పెట్టి
ఊరుకున్నాను.

రేపు ఆరున్నరకి
కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సు.
చేతులు ఇంకా కొంచెం పొడుగే.
మడుస్తాను.